కాటన్ ఇంటిపేరుతో క్విజ్ రౌండు: ఏ కాటన్ ఎవరో తేల్చేదెలా?

కృష్ణలంక_క్విజ్:

నమస్కారమండీ. విజయవాడలో డిగ్రీ పిల్లలకి తెలుగులో క్విజ్ పెడుతున్నాం. ఎనిమిది జట్లు, జట్టుకి ఇద్దరు. ఒక రౌండు మొత్తం ఒకే ఇంగ్లీషు ఇంటిపేరు మీద నడపాలని ఆలోచన. కాలవ నీళ్ళ ఊరు కదా, ‘కాటన్’ అంటే ఏదో ఒక కొస పిల్లలకి దొరుకుతుందని ఆ పేరే ఖాయం చేశాం. తీరా ప్రశ్నలు రాయబోతే చిక్కంతా అక్కడే వచ్చింది. కాంగ్రెస్ అధ్యక్షుడైన హెన్రీ కాటన్, మన ఆర్థర్ కాటన్ అన్నదమ్ములా? ప్రకాశం బ్యారేజీ కాటన్ దొరే కట్టాడని ఎవరైనా జవాబిస్తే మార్కులివ్వాలా వద్దా? తెలుగులో రాసేసరికి వేరే స్పెల్లింగు వాళ్ళు కూడా కాటన్‌లే అవుతున్నారు, వాళ్ళని కలపొచ్చా? ఇంటిపేరుకి పత్తితో సంబంధం ఉందా అని జట్లు తప్పకుండా అడుగుతాయి, దానికీ జవాబు కావాలి. మొత్తం పది ప్రశ్నలు. మీకు గట్టిగా తెలిసినవే చెప్పండి.

బ్రాడీపేట_4/14:

ఆరండల్‌పేట, బ్రాడీపేట అని రోజూ ఇంగ్లీషు ఇంటిపేర్లే పలికే గుంటూరు నుంచి రాస్తున్నా, కాబట్టి ఈ రౌండు మీద నాకు కాస్త పక్షపాతం ఉంది.

ముందు పత్తి సంగతి. సంబంధం లేదు. పత్తి అనే అర్థంలో వాడే ఇంగ్లీషు మాట అరబీ ‘కుతున్’ నుంచి వచ్చింది. ఇంటిపేరేమో పాత ఇంగ్లీషులో గుడిసెలు, చిన్న ఇళ్ళు అనే అర్థమున్న ‘కాట్’ నుంచి వచ్చింది. ఆ మాట మీద వెలిసిన ఊళ్ళ పేర్లే తర్వాత మనుషుల ఇంటిపేర్లయ్యాయి. మన దగ్గర ఊరిపేరు ఇంటిపేరైనట్టే. మంగళగిరి కాటన్ చీరకీ కాటన్ దొరకీ ఉన్న చుట్టరికం అక్షరాల వరకే.

ఇక అన్నదమ్ముల విషయం. కారు. ఆర్థర్ థామస్ కాటన్ (1803–1899) చెషైర్ ప్రాంతపు కాంబర్‌మియర్ కాటన్‌ల వంశం. తండ్రి పేరు హెన్రీ కాల్వలీ కాటన్. ‘హెన్రీ’ గందరగోళం సగం ఇక్కడే మొదలవుతుంది. ఆయనకి పదకొండు మంది మగపిల్లలు, ఆర్థర్ పదోవాడు. సిసలైన అన్నదమ్ములు కావాలంటే ఇద్దర్ని పెట్టుకోండి. 1857లో పెషావర్‌లో సైన్యాధికారిగా ఉన్న సర్ సిడ్నీ కాటన్ (1792–1874) అన్న. ఎఫ్.సి. కాటన్, అంటే ఫ్రెడరిక్ కానియర్స్ (1807–1901), తమ్ముడు. ఈ తమ్ముడు కూడా మద్రాసు ఇంజినీర్లలోనే పనిచేశాడు. అందుకే పాత కాగితాల్లో ఉత్త ‘కాటన్’ కనిపిస్తే ఆర్థర్ అని రాసేయకూడదు, ముందు ఇనీషియల్ చూడాలి. ఎ.టి. అయితే అన్న, ఎఫ్.సి. అయితే తమ్ముడు. పెదనాన్న వరసలో అన్న కావాలంటే స్టేపుల్‌టన్ కాటన్, వైకౌంట్ కాంబర్‌మియర్ ఉన్నాడు. 1826 జనవరిలో భరత్‌పూర్ కోట పట్టిన సేనాని ఆయనే.

హెన్రీ జాన్ స్టెడ్‌మన్ కాటన్ (1845–1915) వేరే వరస. ఆయన ముత్తాత జోసెఫ్ కాటన్ ఈస్టిండియా కంపెనీ డైరెక్టరు. హెన్రీ పుట్టింది కుంభకోణంలో. ఐసీఎస్‌లో చేరి అస్సాం చీఫ్ కమిషనర్ అయ్యాడు, 1904 బొంబాయి కాంగ్రెస్‌కి అధ్యక్షత వహించాడు, 1906లో నాటింగ్‌హామ్ ఈస్ట్ నుంచి బ్రిటిష్ పార్లమెంటుకి ఎన్నికయ్యాడు. గువాహటిలో 1901లో మొదలైన కాటన్ కాలేజీ పేరు ఈయనదే. తమ్ముడు జె.ఎస్. కాటన్ ఇంపీరియల్ గెజెటీర్ సంపాదకుల్లో ఒకడు.

ఒక ఉరుము లాంటి ప్రశ్న కావాలంటే ఆర్థర్ కూతుర్ని అడగండి. ఎలిజబెత్ కాటన్, పెళ్ళయ్యాక లేడీ హోప్. చార్లెస్ డార్విన్ చివరి రోజుల్లో మళ్ళీ బైబిలు పట్టాడన్న కథ ఆమె చెప్పిందే. 1915లో అమెరికాలో అచ్చయింది, డార్విన్ పిల్లలు అది అబద్ధమని ఖండించారు. నాన్న జీవిత చరిత్ర రాసిందీ ఆవిడే, 1900లో. ప్రశ్నలో ‘కథ’ అన్న మాటే వాడండి. ‘డార్విన్ మతం మారాడని చెప్పిన’ అని రాస్తే లేనిది ఉన్నట్టవుతుంది.

సీతానగరం_గట్టు:

బ్యారేజీ జవాబుకి మార్కులివ్వకండి, కానీ తప్పు పిల్లలది కాకుండా ప్రశ్న సరిగ్గా రాయండి. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట ఆర్థర్ కాటన్‌ది, 1847లో మొదలై 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు. కృష్ణ మీద ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకీ మధ్య ఆనకట్ట 1852లో మొదలై 1855లో అయింది. దాని కోసం గట్టిగా వాదించింది కాటన్, దగ్గరుండి కట్టించింది కెప్టెన్ ఓర్. ఆ ఆనకట్టకి 1952లో గండి పడింది. ఇప్పుడు మనం దాటే ప్రకాశం బ్యారేజీ దాని స్థానంలో కట్టింది, 1957లో ప్రారంభమైంది. కాటన్ పోయి అప్పటికి 58 ఏళ్ళు.

కాబట్టి ‘విజయవాడలో ఆనకట్ట కట్టింది ఎవరు’ అన్నది పనికిరాని ప్రశ్న. అటూ ఇటూ వాదించుకోవచ్చు. ‘1852–55 మధ్య కృష్ణ ఆనకట్ట పనిని దగ్గరుండి నడిపిన ఇంజినీరు ఎవరు’ అంటే ఓర్ ఒక్కడే జవాబు, కాటన్ అన్నవాడికి సున్నా. కాటన్ రౌండులో కాటన్ కాని జవాబు ఒకటి దాచిపెట్టడం జట్లకి కొంచెం చేదుగా ఉంటుంది, కానీ మంచి ఉచ్చు.

ఇంకో చిన్న సంగతి. ధవళేశ్వరం కట్టేనాటికి ఆయన ‘సర్’ కాదు, నైట్‌హుడ్ 1861లో వచ్చింది. ‘ఆనకట్ట కట్టిన సర్ ఆర్థర్’ అని మాట్లాడుకోవడం పరవాలేదు, ‘1847లో సర్ ఆర్థర్ కాటన్’ అని స్లైడులో రాస్తే ముందు వరసలో కూర్చున్న మాస్టారు చెయ్యెత్తుతారు.

కృష్ణలంక_క్విజ్:

చాలా థ్యాంక్స్ అండీ ఇద్దరికీ. ఓర్ ప్రశ్న పెట్టేస్తున్నా. సైన్సు పిల్లలు నాలుగు జట్లున్నారు, వాళ్ళకి ఏమీ లేదని గోల చేస్తారు. స్పెల్లింగు సంగతి కూడా ఎవరైనా చెబుతారా?

ఇనార్గానిక్_మాస్టారు:

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివినవాళ్ళకి కాటన్ అంటే ఆనకట్ట కాదు, ‘కాటన్ అండ్ విల్కిన్సన్’, అంటే వాళ్ళిద్దరూ కలిసి రాసిన ఇనార్గానిక్ కెమిస్ట్రీ పుస్తకం. ఎఫ్. ఆల్బర్ట్ కాటన్ (1930–2007), ఫిలడెల్ఫియాలో పుట్టి టెక్సస్‌లో పనిచేసిన అమెరికన్. రెండు రీనియం పరమాణువుల మధ్య నాలుగు వరసల బంధం ఉందని 1964లో చూపించింది ఈయనే. ఇక్కడ జనం జారిపడే చోటు నోబెల్. 1973లో నోబెల్ వచ్చింది విల్కిన్సన్‌కి, ఎర్న్‌స్ట్ ఓట్టో ఫిషర్‌తో కలిపి. కాటన్‌కి రాలేదు. విల్కిన్సన్ ఈయనకి గైడు కూడా. పుస్తకం అట్ట మీద రెండు పేర్లూ పక్కపక్కన ఉండేసరికి బహుమతి కూడా ఇద్దరికీ పంచేస్తారు. ‘పుస్తకం అట్ట మీద మొదటి పేరు ఎవరిది, నోబెల్ ఎవరికి’ అని రెండు ముక్కల ప్రశ్నగా అడగండి, ముక్కకి 5 మార్కులు.

‘కాటన్ ఎఫెక్ట్’ మాత్రం ఈయనది కాదు. అది ఫ్రెంచి భౌతిక శాస్త్రవేత్త ఏమే కాటన్ (1869–1951) పేరు మీద ఉంది. కాంతి ధ్రువణం, శోషణకి సంబంధించింది. అక్షరాలు ఒకటే అయినా ఫ్రెంచివాళ్ళు ‘కొతోఁ’ అని ముక్కుతో పలుకుతారు. ఇంగ్లీషు ఇంటిపేరు కాదు కాబట్టి నిజానికి మీ రౌండు బయటి మనిషి. పెట్టాలనుకుంటే ప్రశ్నలోనే ‘ఫ్రెంచి’ అని రాయండి. ఆయన భార్య యూజెనీ కాటన్ కూడా భౌతిక శాస్త్రవేత్తే. 1945లో ఏర్పడిన అంతర్జాతీయ ప్రజాస్వామ్య మహిళా సమాఖ్యకి మొదటి అధ్యక్షురాలు. భర్త ఇంటిపేరుతో ప్రసిద్ధికెక్కిన మనిషి, ప్రశ్నగా బాగుంటుంది.

పాతపుస్తకాల_సందు:

స్పెల్లింగు నేను చెబుతా. సినిమా నటుడు జోసెఫ్ కాటెన్ (1905–1994), గిటారు తలకిందులుగా పట్టుకుని ఎడమచేత్తో వాయించిన ఎలిజబెత్ కాటెన్, వీళ్ళ ఇంటిపేరులో రెండో అచ్చు ‘ఓ’ కాదు, ‘ఈ’. తెలుగులో కాటన్ అని కాకుండా కాటెన్ అని రాసి, రౌండు నుంచి తప్పించండి. ఎలిజబెత్ విషయంలో మరీ జాగ్రత్త, లేడీ హోప్ పుట్టింటి పేరు కూడా ఎలిజబెత్ కాటనే.

తలకిందులయ్యే ఇంకొకటి కాటన్ మాథర్ (1663–1728). అక్కడ కాటన్ ఇంటిపేరు కాదు, పేరు. తల్లి తండ్రి జాన్ కాటన్ బోస్టన్ మతబోధకుడు, ఆ తాత ఇంటిపేరునే మనవడికి పేరుగా పెట్టారు. 1721లో బోస్టన్‌కి మశూచి వచ్చినప్పుడు టీకా లాంటి పద్ధతి వేయించాలని పట్టుబట్టింది ఈయన. ఇంటిపేరు ముందు రాసే మనకి ‘కాటన్ మాథర్’ చూడగానే కాటన్ ఇంటివాడనే అనిపిస్తుంది. అందుకే ఇది ఉచ్చు ప్రశ్నకి బాగుంటుంది: ‘ఈ నలుగురిలో కాటన్ ఇంటిపేరు కానిది ఎవరికి?’

తెలుగులో ఒకటే అయిపోయే జంట సిడ్నీలు. పైన చెప్పిన సర్ సిడ్నీ ఇంగ్లీషులో ‘వై’తో. ‘ఐ’తో రాసే సిడ్నీ కాటన్ (1894–1969) ఆస్ట్రేలియా విమాన చోదకుడు. చలికి గడ్డకట్టకుండా విమానంలో వేసుకునే సిడ్‌కాట్ సూటు ఆయన తయారు చేసిందే, ఆయన పేరు కుదించే ఆ పేరు పెట్టారు. 1939లో జర్మనీ మీద ఎగురుతూ రహస్యంగా ఫొటోలు తీశాడు. హెన్రీలకీ ఇదే జబ్బు. గోల్ఫ్‌లో బ్రిటిష్ ఓపెన్ టోర్నీ మూడుసార్లు (1934, 1937, 1948) గెలిచిన హెన్రీ కాటన్ ఉన్నాడు. ప్రశ్నలో ఏడాదో, వృత్తో లేకుండా సిడ్నీ, హెన్రీ అనే మాటలు రాయొద్దు.

అన్నిటికన్నా నాకు ఇష్టమైన కాటన్ మాత్రం సర్ రాబర్ట్ బ్రూస్ కాటన్ (1571–1631). పాత రాతప్రతులు పోగేసిన మనిషి. బీరువాల మీద రోమన్ చక్రవర్తుల తలల బొమ్మలు పెట్టి, ఆ పేర్లతోనే పుస్తకాలకి గుర్తులు వేయించాడు. బేవుల్ఫ్ అనే పాత ఇంగ్లీషు కావ్యం ఉన్న ఒకే ఒక్క రాతప్రతి గుర్తు ఇప్పటికీ ‘కాటన్ విటెల్లియస్ ఎ 15’. అంటే విటెల్లియస్ బొమ్మ ఉన్న బీరువా, ఎ అనే పై అర, పదిహేనో పుస్తకం. 1731లో అది ఉన్న ఇంటికి నిప్పంటుకుని అంచులు కాలాయి, తర్వాత అంచులు పొడిపొడిగా రాలి కొన్ని అక్షరాలు కూడా పోయాయి. 1753లో ఆ సంపుటాలు బ్రిటిష్ మ్యూజియానికి పునాది సేకరణల్లో ఒకటయ్యాయి. నాలుగే మిగిలిన 1215 మాగ్నా కార్టా ప్రతుల్లో రెండు కూడా ఈ సేకరణలోవే. గుర్తుని స్లైడు మీద చూపించి, ‘15 అంటే ఏమిటి’ అని అడగండి. తెలియని పిల్లలు కూడా ఆలోచించి రాయగలిగే ప్రశ్న ఇదొక్కటే.

బ్రాడీపేట_4/14:

జతపరచడం ఒకటి పెట్టండి. ఎడమవైపు: ధవళేశ్వరం ఆనకట్ట, గువాహటి కాలేజీ, సిమ్లా స్కూలు, లండన్ రాతప్రతులు, భరత్‌పూర్ కోట. కుడివైపు: ఆర్థర్, హెన్రీ, జార్జ్, రాబర్ట్, స్టేపుల్‌టన్. సిమ్లాలోదీ, బెంగళూరులోదీ బిషప్ కాటన్ స్కూళ్ళు, కలకత్తా బిషప్ జార్జ్ ఎడ్వర్డ్ లించ్ కాటన్ (1813–1866) పేరు మీద ఉన్నాయి. ఆయన 1866లో పడవ ఎక్కబోతూ నదిలో జారిపడి పోయాడు. అయిదుకి అయిదు పేర్లే ఇస్తే, నాలుగు తెలిసినవాడికి అయిదోది ఊరికే వచ్చేస్తుంది. కుడివైపు సిడ్నీని ఆరో పేరుగా దూర్చండి.

మార్కులు జతకి రెండు. ఒక్కొక్క జట్టునీ అడగొద్దు, అందరికీ కాగితాలిచ్చి రెండు నిమిషాలు. ఎనిమిది జట్లకి పాస్ చేసుకుంటూ పోతే అయిదో జట్టుకి చేరేసరికి మిగిలిన పేర్లు బయటపడిపోతాయి.

సీతానగరం_గట్టు:

స్లైడుల గురించి ఒక్క ముక్క. ఇంగ్లీషు ప్రశ్నల్ని ఆన్‌లైన్ అనువాదంలో వేసి తెలుగు చేయించకండి. ‘సర్ ఆర్థర్ పత్తి’ అని వచ్చే అవకాశం ఉంది, హాలంతా నవ్వుతుంది. చేత్తో టైపు చేసేటప్పుడు కాటన్‌కి, కాటన్‌తో అని విభక్తి చేర్చగానే నకారం కింద వత్తు పడి కాటన్కి, కాటన్తో అయిపోతుంది. న్ తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని గుర్తు కొట్టండి, చాలా తెలుగు కీబోర్డుల్లో అది ఉంటుంది, లేకపోతే మంచి చోట నుంచి కాపీ చేసుకోండి. హాల్లో ఉండే లాప్‌టాప్‌లో తెలుగు ఫాంటు లేకపోతే అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తాయి, కాబట్టి పీడీఎఫ్ చేసి పట్టుకెళ్ళండి. జవాబుల కాగితంలో ప్రతి పేరు పక్కనా ఇనీషియల్స్, పుట్టిన ఏడాది, చనిపోయిన ఏడాది రాసి ఉంచండి. ‘మేం చెప్పింది ఇంకో హెన్రీ అండీ’ అని ఎవరైనా లేచినప్పుడు అక్కడికక్కడే తేల్చేయొచ్చు.

కృష్ణలంక_క్విజ్:

పది కుదిరాయండి. ఓర్, లేడీ హోప్, విటెల్లియస్, జతపరచడం ఖాయం. కాటెన్‌లని తీసేశా. ఇద్దరు సిడ్నీల్నీ ఒకే ప్రశ్నలో పెట్టి, ‘వీళ్ళలో 1857లో పెషావర్‌లో ఉన్నది ఎవరు’ అని పుట్టిన ఏడాదులతో అడుగుతున్నా.