పాత స్టూడియో భవనంలో మ్యూజియం: దొరికిన 35 ఎంఎం రీళ్లను అక్కడే ఉంచవచ్చా?

గోదారిరీలు:
1940ల నాటి స్టూడియో ఫ్లోరును బాగుచేసి సినిమా మ్యూజియం పెడుతున్నారు. మేడ మీది గదిలో తుప్పుపట్టిన డబ్బాల్లో 35 ఎంఎం రీళ్లు ఉన్నాయి. కొన్ని పుల్లటి వాసన వేస్తున్నాయి, రెండింటిలో గోధుమరంగు బంక. ఏసీ వేసి అద్దాల పెట్టెలో పెట్టవచ్చా? నైట్రేటు, అంటే ఇట్టే అంటుకునే పాతకాలపు ఫిల్మ్, ఏదో ఎలా పోల్చుకోవాలి?

వెండిపొర:
వద్దండీ. ముందు ఆ గదిలో వైరింగు, వెల్డింగు పనులు ఆపించండి. 1951కి ముందటి 35 ఎంఎం అయితే నైట్రేటే అనుకుని మొదలుపెట్టాలి. అంచున ‘నైట్రేట్’ అనో ‘సేఫ్టీ’ (సులువుగా అంటుకోని ఫిల్మ్) అనో ఇంగ్లీషులో ఉంటుంది. అయితే నైట్రేటు నెగెటివు నుంచి సేఫ్టీ కాపీ తీసినప్పుడు పాత అంచురాత కూడా అచ్చవుతుంది, ఒక్క రాతనే నమ్మకూడదు. పుల్లటి వాసన అసిటేటుది, అది సేఫ్టీ ఫిల్మ్‌లో ఒక రకం. బంక, నురగ, చివరికి గోధుమరంగు పొడి నైట్రేటువి.

ముక్క కాల్చి చూడమని ఎవరు చెప్పినా వినకండి. మండటానికి కావలసిన ఆక్సిజన్ నైట్రేటులోనే ఉంటుంది, నీళ్లలో ముంచినా ఆరదు. బాగా చెడిన ఫిల్మ్ చుట్టకు 41 డిగ్రీల వేడి రోజుల తరబడి తగిలితే దానంతటదే అంటుకోవచ్చు. మన వేసవిలో మేడగదికి అదేం పెద్ద వేడి కాదు. పూణేలో పాత ప్రభాత్ స్టూడియో ఆవరణలో 2003 జనవరిలో జరిగిన అగ్నిప్రమాదంలో నైట్రేటు రీళ్లు ఎన్నో పోయాయి.

బంక కట్టిన రెండింటినీ తెరవకుండా అగ్నిమాపక శాఖకూ, పూణే జాతీయ ఫిల్మ్ ఆర్కైవుకూ తెలియజేయండి. కొరియర్లో, బస్సు పార్సిల్లో పంపకండి. ఐక్యరాజ్యసమితి ప్రమాదకర సరుకుల జాబితాలో యూఎన్ 1324 నంబరు నైట్రేటు ఫిల్మ్‌దే.

సున్నపుగోడ:
ఏసీ సంగతి. నైట్రేటుకు కావలసింది 2 డిగ్రీలు, 20–30 శాతం తేమ. పాత సున్నపు గోడల మధ్య అంత చల్లటి గది కడితే బయటి తేమ గోడలోనే నీరై పూత ఊడుతుంది. ఇటు భవనమూ పాడు, అటు ఫిల్మూ దక్కదు. హాలీవుడ్ దర్శకుడు సెసిల్ బి. డిమిల్ 1913లో స్టూడియోగా వాడిన చెక్క కొట్టమే నేడు హాలీవుడ్ హెరిటేజ్ మ్యూజియం. అక్కడ కట్టడమే మొదటి ప్రదర్శన వస్తువు. మీరూ ఫ్లోరును, దీపాలను, కెమెరాలను చూపించండి. పోస్టర్లు, దుస్తుల మీద 50 లక్సుకు (వెలుగును కొలిచే ప్రమాణం) మించి వెలుగు పడకూడదు. కెమెరాల్లో పాత గ్రీజు గట్టిపడి ఉంటుంది, శుభ్రం చేయకుండా హ్యాండిల్ తిప్పితే లోపలి చక్రాల పళ్లు విరుగుతాయి.

గోదారిరీలు:
మిగిలిన వాటిలో స్కానింగుకు ఏవి పనికొస్తాయి?

వెండిపొర:
ఫిల్మ్ అంచున ఉండే రంధ్రాల్లో 100 రంధ్రాల పొడవును స్టీలు స్కేలుతో కొలవండి. కొత్త ప్రింటులో సుమారు 475 మిల్లీమీటర్లు. 470కి దిగితే 1 శాతం కుదించుకుపోయినట్టే, ప్రొజెక్టరుకు ఎక్కిస్తే రంధ్రాలు చిరుగుతాయి. పళ్లచక్రాలు లేని స్కానరే దిక్కు.

అసిటేటు డబ్బాల్లో ఏ-డి స్ట్రిప్పు (ఆమ్లం తగిలితే రంగు మారే కాగితపు ముక్క) వేయండి. నీలం పోయి ఆకుపచ్చకు తిరిగినవి ముందు స్కాను చేయాలి, అక్కడి నుంచి కుళ్లు తనను తానే పెంచుకుంటూ పోతుంది. వీటినీ నైట్రేటునూ ఒకే గదిలో ఉంచకండి, ఒకదాని ఆవిరి మరొకదాన్ని తినేస్తుంది. గాలి ఆడే ప్లాస్టిక్ డబ్బాల్లోకి మార్చండి, పాత డబ్బా మీది చీటీని ఫొటో తీశాకే పారేయండి. 1921 నాటి మూకీ సినిమా ‘భీష్మ ప్రతిజ్ఞ’ కాపీ ఒక్కటి కూడా మిగల్లేదు, అందుకే పేరు తెలియని ముక్కను కూడా వదలకండి.