పొటోసి గనుల్లోని ‘తీయో’ ఇంకాల నాటి దేవుడా, స్పానిష్ వాళ్ళొచ్చాక పుట్టినవాడా?

పాతబడి:
బొలీవియాలో పొటోసి దగ్గర సెర్రో రికో అని వెండి కొండ. స్పానిష్ వాళ్ళకి ముందు ఆ ప్రాంతాన్ని ఏలిన ఇంకాల భాష క్వెచువాలో సుమక్ ఉర్కు, అంటే అందమైన కొండ. సొరంగాల లోపల కొమ్ములతో, నోట్లో సిగరెట్టుతో ఒక మట్టిబొమ్మ కూర్చుని ఉంటుంది. అదే తీయో. కార్మికులు దాని ఒళ్ళో కోకా ఆకులు పెట్టి, మనవాళ్ళు సాక పోసినట్టు కాస్త సారా ఒంపుతారు. స్పానిష్‌లో తీయో అంటే బాబాయీ అవుతాడు, మామా అవుతాడు. నేను మామ అనే అంటాను. నా లెక్కలో ఈ మామ స్పెయిన్ పాలనలో పుట్టినవాడే, అంతకుముందు లేడు.

రాత్రిపక్షి:
ఒప్పుకోనండి. క్వెచువా వాళ్ళ కింది లోకపు శక్తి, సుపాయ్ సంగతేంటి? 1560లో దొమింగో దె సాంతో తొమాస్ అనే పాదిరీ అచ్చువేసిన క్వెచువా నిఘంటువులో ఆ మాటకి మంచి దేవదూత, చెడ్డ దేవదూత రెండర్థాలూ ఉన్నాయి. దాన్ని ఉత్త సైతానుగా మిగిల్చింది తర్వాతి పాదిరీలు. కింది లోకపు శక్తి పాతదే, కొమ్ములే కొత్తగా తగిలించారు.

అల్లంటీ:
క్వెచువాలో ‘ద’ లేదు కాబట్టి ‘దియోస్’ కాస్తా తీయో అయిందని గైడ్లు చెప్తుంటారు. నిజమేనా?

పాతబడి:
వినడానికి బావుంది. మరి చివరి ‘స్’ ఎటు పోయింది? క్వెచువా వాళ్ళకి ‘స’ పలకడం బానే వచ్చుగా!
రాత్రిపక్షి గారూ, కొమ్ములు కొత్తవని మీరే అన్నారు. నేనడిగేది, లోపలున్నవాణ్ణి చూసి అంత భయం ఎందుకని. 1545లో వెండి బయటపడింది. 1570ల్లో స్పెయిన్ వైస్రాయ్ తొలెదో మీతా పెట్టాడు, అంటే ఊళ్ళవాళ్ళు వంతులవారీగా గనుల్లో చేయాల్సిన నిర్బంధ చాకిరీ. ఏడుగురు మగవాళ్ళలో ఒకడు, ఏటా 13,000 మందికి పైగా. పెళ్ళాంపిల్లల్ని, లామాల్ని తోలుకుని కొందరు వారాల తరబడి నడిచి వచ్చేవాళ్ళు. అంత బలవంతంలో పుట్టిన దేవుడు వాటా అడక్క ఏం చేస్తాడు?

రాత్రిపక్షి:
మీతా ఇంకాలదే కదా, పేరుతో సహా.

పాతబడి:
పేరు వాళ్ళదే. కానీ ఇంకాల ప్రభువు పని చేయించుకుంటే తిండీ, చిచా అనే మొక్కజొన్న కల్లూ తనే పెట్టేవాడు. పొటోసిలో ఇచ్చే కూలి తిండికే చాలేది కాదు. రెంటినీ ఒకే గాటన కట్టకండి.

గవ్వలపేట:
ఇంకాల చక్రవర్తి వాయినా కాపాక్ మనుషులు ఆ కొండ తవ్వబోతే ‘ఈ వెండి మీది కాదు, వేరేవాళ్ళది’ అని ఉరిమినట్టు గొంతు వినిపించిందని కథ ఉంది కదా. అది పాతదేనా?

అల్లంటీ:
ఆ ‘వేరేవాళ్ళు’ ఎవరో చూడండి! స్పానిష్ వాళ్ళకి ఇంతకంటే అనువైన కథ ఉంటుందా?

రాత్రిపక్షి:
అది నేనూ నమ్మను. కానీ పొటోసి టంకశాల మ్యూజియంలో 18వ శతాబ్దపు పటం ఒకటుంది. అందులో మేరీమాత ఒళ్ళే కొండ. పైన ముఖం, పక్కల చేతులు, కొంగు మీద చిన్న చిన్న మనుషులు, అటూఇటూ సూర్యచంద్రులు. గీయించింది చర్చివాళ్ళే కావచ్చు, కొండని తల్లిగా చూడటం మాత్రం అక్కడివాళ్ళదే. ఇంకోటి, మామ అనకండి. మామ అంటే పిల్లనిచ్చేవాడు, వాటాకొచ్చేవాడు బాబాయే.

పాతబడి:
హహ, ఆ మాటకొస్తే బాబాయే. సుపాయ్ పాతవాడన్నదీ ఒప్పుకుంటున్నా. కానీ సొరంగం నోటి దగ్గర శిలువ పెట్టి, లోపలికెళ్ళాక తీయోకి సిగరెట్టు ముట్టిస్తారు చూడండి, ఆ సరిహద్దు గీసింది ఇంకాలు కాదు.