యూరప్‌లో గుడారాల యాత్ర: వీసా ఏ దేశానికి?

ప్రశ్న (అనంతపురం): మిత్రులమందరం వచ్చే జూన్‌లో పారిస్, స్విట్జర్లాండ్, వెనిస్ చూస్తూ, రాత్రులు గుడారాల్లో సరదాగా గడపాలనుకుంటున్నాము. వీసా ఏ దేశానికి పెట్టుకోవాలి? గుడారం ఎక్కడైనా వేయవచ్చునా?

జవాబు (కర్నూలు): ఫ్రాన్స్, స్విట్జర్లాండ్, ఇటలీ మూడూ షెంగెన్ అనే ఉమ్మడి వీసా ఒప్పందంలోని దేశాలే కనుక ఒక్క వీసా చాలును, ఎక్కువ రోజులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి, రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. 6 నెలల ముందునుంచే దరఖాస్తులు తీసుకుంటారు కాబట్టి ఆలస్యం చేయకండి.

జవాబు (కడప): గండికోటలో పెన్న లోయ చూస్తూ వేసుకున్నట్లు అక్కడ తోచినచోట గుడారం వేయడం కుదరదు. స్వీడన్‌లో ఒకటి రెండు రాత్రులకు ఆ స్వేచ్ఛ ఉన్నది గానీ, మీ దారిలో క్యాంప్‌సైట్లలో దిగడమే మేలు. వెనిస్‌కు ఎదుటి తీరాన ఫుసీనాలో దిగి, పడవలో నగరానికి వెళ్లవచ్చు. జూన్‌లోనూ ఆల్ప్స్‌లో రాత్రి చలి గట్టిదే. మన దుప్పట్లు చాలవు.

ప్రశ్న (అనంతపురం): వంటకు గ్యాస్ డబ్బా వెంట తీసుకుపోవచ్చునా?

జవాబు (కర్నూలు): విమానంలో అనుమతించరు, అక్కడే కొనుక్కోండి.