‘మందు’ అంటాం, ‘షరాబ్’ అనం. ఎందుకు?

మాది గుంటూరు. ఇంట్లో ఉర్దూ, గడప దాటితే తెలుగు. రెండూ కలిపి మాట్లాడటం మాకు అలవాటే. కానీ మా కుర్రాళ్లలో తాగేవాళ్లను గమనిస్తే, ఉర్దూలో మాట్లాడుతూ కూడా ఆ ఒక్క చోట తెలుగులోకి వచ్చేస్తారు. ‘ఆజ్ మందు హై క్యా?’ అంటారు. ‘షరాబ్’ అన్నవాణ్ణి నేను చూడలేదు.

మందు అంటే ముందు ఔషధమే కదా. జ్వరానికీ మందే, చేలో పురుగుకీ మందే. అందుకే పెద్దల చెవిన పడినా అంతగా గుచ్చుకోదు. షరాబ్ అలా కాదు, వెంటనే ‘హరామ్’, అంటే మతం వద్దన్నది అన్న మాట గుర్తొస్తుంది. నిజానికి అరబీలో షరాబ్ అంటే తాగేది ఏదైనా. ఇఫ్తార్‌లో తాగే షర్బత్‌దీ అదే ధాతువు. ఉర్దూలో అది మత్తు పానీయానికే స్థిరపడింది. ఖురాన్ 5:90లో జూదంతో కలిపి వద్దన్న మత్తు పానీయానికి వాడిన మాట ‘ఖమ్ర్’. దాని ధాతువుకు కప్పడం అని అర్థం, తల కప్పుకునే ‘ఖిమార్’ కూడా అందులోంచి వచ్చిందే. బుద్ధిని కప్పేదాన్ని మళ్లీ ఇంకో భాషతో కప్పుతున్నాం అనిపిస్తుంది నాకు.

ఇంకో మాట ‘కంపెనీ ఇవ్వరా’. బెజవాడలో ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను లొంగింది దీనికే. అందులో తాగమని ఎక్కడా లేదు, స్నేహమే ఉంది. కాదంటే స్నేహాన్నే కాదన్నట్టు. గ్లాసు పట్టుకోగానే ‘మన సాయిబు కూడా వేశాడ్రా’ అని చప్పట్లు కొట్టారు. ఆ ‘మన’ కోసమే తాగానని ఇప్పుడు అర్థమవుతోంది. నిజంగా బాధేస్తుంది.

వించిపేట నుంచి ఒకరు:
అన్నా, మేం దూదేకులవాళ్లం, ఇంట్లోనూ తెలుగే. మాకు చాటుకు రెండో భాష లేదు. వాసన తగిలిందంటే మా అమ్మ ‘తాగొచ్చావా’ అని సూటిగా అడిగేస్తుంది.

తెనాలి నుంచి ఇంకొకరు:
కైపు, నిషా తెలుగులోకి ఉర్దూ నుంచి వచ్చినవే కదండీ. ‘కైఫ్’, ‘నషా’. మీరు మా దగ్గర సరుకు పేరు తీసుకున్నారు, మేం మీ దగ్గర మత్తు పేరు తీసుకున్నాం.

నా జవాబు:
ఇది నాకు తట్టలేదండీ, చాలా బాగా చెప్పారు. వించిపేట తమ్ముడూ, మా అమ్మీ కూడా ఒక రాత్రి తలుపు తీసి అడిగింది. ‘క్యా పీకో ఆయా?’ అంది. ఏం తాగొచ్చావు అని. షరాబ్ అనలేదు, మందు అనీ అనలేదు. ఆ పేరు ఏ భాషలోనూ ఆమె నోట రాలేదు.