26 గేజ్ కాంథాల్ కాయిల్: మూడో పఫ్‌కే మాడు రుచి

ఉండేది యూకేలో (ఇండియాలో 2019 నుంచి వేప్‌లు నిషేధం, అందుకే ముందే చెప్తున్నా). 2 మిల్లీలీటర్ల ఆర్‌టీఏ (కాయిల్, దూది మనమే మార్చుకునే వేప్ ట్యాంకు), ఒకటే కాయిల్. తీగ కాంథాల్ ఏ1 (వేడెక్కే మిశ్రలోహం), కాయిల్ లోపలి వ్యాసం 3 మిల్లీమీటర్లు, 6 చుట్లు. రెసిస్టెన్స్ 0.8 ఓమ్‌ల దగ్గర కదలకుండా ఉంది. లిక్విడ్‌ని పీల్చి కాయిల్‌కి అందించే దూది పెట్టకముందు చూస్తే మధ్యలోంచి అంచులకి సమానంగానే ఎర్రబడుతోంది. కానీ 25 వాట్లలో వెంటవెంటనే లాగితే మూడో పఫ్‌కే మాడు రుచి. నిమిషం ఆగితే మళ్లీ మామూలే. లిక్విడ్ 70 శాతం వీజీ (వెజిటబుల్ గ్లిజరిన్), అంటే కాస్త చిక్కనిదే.

18 వాట్లకి తగ్గిస్తే మాడు పోయింది, ఆవిరీ పోయింది. దూది కొసలు దువ్వి పల్చన చేస్తే గాలి రంధ్రాల్లోంచి కారడం మొదలైంది, అది ఇంకా చిరాకు. షాపులో ఎస్ఎస్316ఎల్ (స్టెయిన్‌లెస్ స్టీల్) తీగ కొనమంటున్నారు. తీగదే తప్పయితే మొదటి పఫ్ కూడా మాడాలి కదా!

ఇదే కాయిల్‌తో 25 వాట్లలో కారకుండా, మాడకుండా ఉండాలంటే దూది కొసల్ని ఎంత పొడవుకి కత్తిరించి, జ్యూస్ రంధ్రాల్లోకి (ట్యాంకులోంచి దూదికి లిక్విడ్ అందే రంధ్రాలు) ఎంతవరకు దించాలి?