మెడ మీద షేవింగ్ పొక్కులు, నల్ల మచ్చలు: దారి ఏమిటి?

ప్రశ్న:
షేవ్ చేసిన రెండో రోజుకల్లా దవడ కింద, గొంతుముడి పక్కన చిన్న చిన్న పొక్కులు లేస్తున్నాయి. తగ్గినచోట నల్ల మచ్చ మిగులుతోంది. వాడేది ఐదు బ్లేళ్ల రేజర్, జెల్, చివర్లో ఆఫ్టర్‌షేవ్. బుగ్గల మీద ఏమీ లేదు, మెడ మీదే గొడవంతా. రోజూ నున్నగా ఉండాలి, పొక్కులు రాకూడదు. ఎలా?

జవాబు 1:
అవి మొటిమలు కావు, లోపలికి తిరిగిన వెంట్రుకలు. ఉంగరాల జుట్టున్నవాళ్లకు ఇది మామూలే. ఎక్కువ బ్లేళ్లున్న రేజర్‌లో ముందు బ్లేడు వెంట్రుకను పైకి లాగితే వెనకది కోస్తుంది. మిగిలిన మొన చర్మం లోపలికి జారిపోతుంది. వాలుగా తెగిన ఆ మొన పెరిగేటప్పుడు బయటికి రాకుండా పక్కకు గుచ్చుకుంటుంది. ఒంట్లో ముల్లు దిగితే ఎలా వాస్తుందో ఇదీ అంతే. కాబట్టి మెడ మీద రోజూ నున్నదనం అనే కోరిక వదులుకోవాల్సిందే.

ముందు నాలుగు వారాలు బ్లేడు ముట్టకండి. మొదట్లో పొక్కులు ఇంకా పెరిగినట్టుంటాయి, భయపడొద్దు. వెంట్రుక ఒక సెంటీమీటరు పొడవైతే దానంతటదే లేచి బయటికొస్తుంది. అద్దం దగ్గరగా పెట్టి చూస్తే కొన్ని పొక్కుల మీద వెంట్రుక ఉంగరంలా వంగి, రెండు కొసలూ చర్మంలో దిగి కనబడుతుంది. స్పిరిట్‌తో తుడిచిన సూదిని ఆ ఉంగరం కింద దూర్చి ఒక కొస లేపండి, చాలు. పీకేశారో, కొత్తది మళ్లీ చర్మం కిందే అడ్డం తిరగొచ్చు.

జవాబు 2:
బుగ్గల మీద వెంట్రుక కిందికి వాలుతుంది. మెడ మీద చాలామందికి ఒకచోట పైకి, ఇంకోచోట అడ్డంగా ఉంటుంది. మూడు రోజుల గడ్డాన్ని వేలితో నాలుగు వైపులా నిమరండి. గరుకు తగలని వైపే రేజర్ నడవాలి.

మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఒంటి బ్లేడు వాడండి. గోరువెచ్చని నీళ్లతో మూడు నిమిషాలు నాననివ్వాలి, తొందరపడితే వెంట్రుక గట్టిగానే ఉంటుంది. చర్మాన్ని సాగదీసి పట్టుకోవద్దు, వదలగానే కొన లోపలికి పోతుంది. ఒకే గీత, మళ్లీ అదే చోటికి వెళ్లొద్దు. ఐదారు షేవ్‌లకు బ్లేడు మార్చేయండి. అయినా వస్తుంటే ట్రిమ్మర్‌తో 1 మిల్లీమీటరు ఉంచడమే మేలు. రెండడుగుల దూరం నుంచి చూసేవాళ్లకు అది శుభ్రంగానే కనబడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అన్నా. మరి మచ్చలు? ఆఫ్టర్‌షేవ్ మానేయాలా?

జవాబు 1:
ఆల్కహాల్ ఉన్నదైతే మానేయండి. చల్లటి నీళ్లు, వాసన లేని మాయిశ్చరైజర్ చాలు. రాత్రి అడాపలీన్ (మొటిమలకు వాడే పైపూత మందు) 0.1 శాతం జెల్ బఠాణీ గింజంత, మెడంతా పలచగా. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు రాయండి, షేవ్ చేసిన రాత్రి వద్దు. పగలు ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ మెడకూ రాయాలి, లేకపోతే మచ్చ ముదురుతుంది. మచ్చలు పోవడానికి నెలలు పడుతుంది. ఈలోగా తెల్లబరుస్తాయని ఎవరో చెప్పిన స్టెరాయిడ్ క్రీముల జోలికి మాత్రం పోవద్దు, చర్మం పలచబడిపోతుంది. చీము పట్టినా, గడ్డ గట్టిపడి పెరుగుతున్నా చర్మ వైద్యుడికి చూపించండి.

జవాబు 3:
గడ్డం ఉంచేద్దామనుకుంటే ఒక్క మాట. కింది గీతను దవడ ఎముక మీద పెట్టేస్తారు చాలామంది, తల వంచగానే గడ్డం కింద కండ ఉబ్బినట్టు కనబడుతుంది. గొంతుముడికి రెండు వేళ్లు పైన మొదలుపెట్టి, రెండు చెవుల వెనక్కి వంపుగా తీసుకెళ్లండి. ఆ గీత కింద రేజర్ వద్దు, గార్డు తీసిన ట్రిమ్మర్‌తో నొక్కకుండా తీస్తే సరిపోతుంది.