రాగి తీగ ఫోన్ తీసేసి ఫైబర్ ఫోన్ పెట్టించాలా? చాలా ఏళ్లుగా వాడుతున్నవాళ్లు చెప్పండి

వడ్డేపల్లి_వాసి:

అందరికీ నమస్తే. మాది హన్మకొండ, వడ్డేపల్లి. నేను బడికి పోయే రోజుల నుంచి మా ఇంట్లో ల్యాండ్‌లైన్ ఉంది. 0870 తర్వాత వచ్చే ఆ అంకెలు మా చుట్టాలందరికీ నోటికొచ్చు. ఈమధ్య వాన పడితే చాలు, ముందు గరగర, తర్వాత పూర్తిగా డెడ్. లైన్‌మన్ వచ్చి చూశాడు. "భూమిలో కేబులే పాడైంది సార్, ఇక కొత్తది వెయ్యరు, ఫైబర్‌కు మారండి, అందులోనే ఫోన్ కూడా వస్తది" అని చెప్పి పోయాడు.

నేను పుణెలో ఉద్యోగం చేస్తున్నా. ఇంట్లో బాపు, అమ్మ ఇద్దరే ఉంటారు. బాపుకు 76 ఏళ్లు, కొంచెం చెవుడు. టచ్ ఫోన్ ఇస్తే ఎత్తబోయి కట్ చేస్తాడు. రోజూ రాత్రి నేను చేసేది ల్యాండ్‌లైన్‌కే. ఫైబర్‌కు మారితే మాట స్పష్టంగా ఉంటుందా? కరెంటు పోతే ఫోన్ పోతుందంటున్నారు, నిజమేనా? పాత నంబర్ దక్కుతుందా? పెట్టించుకుని నెల రెండు నెలలైనవాళ్లు కాదు, ఏళ్ల తరబడి వాడుతున్నవాళ్లు చెబితే బాగుంటుంది.

కరీంనగర్_పిల్లగాడు:

అన్నా, బాపుకు పెద్ద బటన్ల సెల్‌ఫోన్ కొనియ్యండి. మా తాతకు అదే ఇచ్చినం. ఒకటో నంబర్ నొక్కి పట్టుకుంటే నాకు పోతది, రెండు నొక్కితే అత్తకు. వైర్లు, బాక్సులు, ఈ టెన్షన్ అంతా ఎందుకు?

కాజీపేట_లెక్కల_టీచర్:

తమ్ముడూ, మాది కాజీపేట ఫాతిమా నగర్. బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా ఇంట్లో 2019 నుంచి ఫైబర్ ఫోనే. మధ్యలో కంపెనీ కూడా మారాం. మా అత్తమ్మకు 84 ఏళ్లు, ఆమె ప్రపంచమంతా ఆ ఫోన్‌లోనే ఉంది. అందుకే మీ బాధ నాకు బాగా అర్థమైంది. కొంచెం పొడుగ్గానే రాస్తాను.

ముందు బటన్ల సెల్ గురించి. అదీ మంచిదే, ఉంచండి. కానీ సెల్‌కు చార్జింగ్ పెట్టడం గుర్తుండాలి, ఎక్కడ పెట్టామో గుర్తుండాలి. అత్తమ్మ సెల్ దిండు కింద, దేవుడి గూట్లో, బియ్యం డబ్బా మీద, ఎక్కడైనా ఉంటుంది. ల్యాండ్‌లైన్ మాత్రం హాల్లో స్టూల్ మీద ఒకేచోట ఉంటుంది. ఇల్లంతా వినపడేటట్టు మోగుతుంది. ముసలివాళ్లకు అది చిన్న విషయం కాదు.

మాట పాత ఫోన్ కన్నా శుభ్రంగా ఉంటుంది. ఇన్నేళ్లలో వానకు గరగర వచ్చిందే లేదు. రాగి తీగలో కరెంటు రూపంలో మాట పోయేది కాబట్టి జాయింట్లలో చెమ్మ చేరితే గరగర వచ్చేది. ఫైబర్ గాజు పోగు, అందులో పోయేది వెలుతురు. ఇంకో సంగతి, ఫోన్ కోసమని పెద్ద ప్లాన్ తీసుకోవద్దు. ఒక కాల్‌కు సెకనుకు వంద కిలోబిట్ల స్పీడ్ ఉంటే చాలు, 30 ఎంబీపీఎస్ అంటే దానికి 300 రెట్లు. మీ అమ్మానాన్నలకు అన్నిటికన్నా చిన్న ప్లాన్ సరిపోతుంది. 399 రూపాయల ప్లానైతే 18 శాతం జీఎస్టీతో 471 దాకా అవుతుంది, బిల్లు చూసి కంగారు పడకండి. కంపెనీ ఇచ్చే ఫోన్‌కు, ఇంట్లో ఫైబర్ వచ్చి కలిసే బాక్స్‌లోనే వేరే దారి, ముందు వరుస ఉంటాయి. మా మనవడు సెలవులకు వచ్చి పొద్దస్తమానం గేమ్‌లు ఆడినా అత్తమ్మ మాట తెగలేదు. అదే వైఫై మీద వాట్సాప్ కాల్ చేస్తే మాత్రం తెగుతుంది.

ఇక అసలు సంగతి కరెంటు. మీరు విన్నది నిజమే. పాత ఫోన్‌కు కరెంటు ఎక్స్‌చేంజ్‌లోని 48 వోల్టుల బ్యాటరీల నుంచి అదే తీగలో వచ్చేది. అందుకే ఊరంతా చీకటైనా ఫోన్ మోగేది. గాజు పోగులో కరెంటు రాదు కదా. కాబట్టి మీ ఇంట్లో పెట్టే బాక్స్‌కు మీ ఇంటి కరెంటే దిక్కు. అది ఆరితే ఫోన్ చచ్చినట్టే. ఎండాకాలంలో లైన్ల కింద కొమ్మలు కొట్టడానికి పొద్దున సప్లయ్ ఆపుతారు, మీకు తెలిసిందే. గాలిదుమారం వస్తే చెప్పనక్కర్లేదు.

దీనికి మందు ఉంది. రౌటర్ యూపీఎస్ అని, కరెంటు పోయినా బాక్స్‌ను నడిపే బ్యాటరీ ఉన్న చిన్న డబ్బా దొరుకుతుంది, వెయ్యి నుంచి రెండు వేల లోపు. కొనేముందు బాక్స్ అడాప్టర్ మీది సన్నక్షరాలు ఫోన్‌తో ఫొటో తీసి పెద్దవి చేసి చదవండి. మా దాని మీద 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు అని ఉంది. వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతకన్నా తక్కువ ఉండకూడదు. పిన్ను సైజు కూడా కుదరాలి. మాది కరెంటు పోయాక మూడు గంటల దాకా లాగుతుంది. అందులో బ్యాటరీ కూడా కొన్నేళ్లకు నీరసపడుతుంది. అందుకే నేను అప్పుడప్పుడు ప్లగ్ తీసేసి ఎంతసేపు నడుస్తుందో చూస్తుంటాను. మా ఆయనకు ఇది చాదస్తంలా కనిపిస్తుంది, కానీ అత్తమ్మకు బీపీ ఉంది, నేను మానను.

అయినా ఒకటి మనసులో పెట్టుకోండి. మన ఇంట్లో బ్యాటరీ ఉంటే సరిపోదు, అవతల మన లైన్ కలిసే మెషిన్‌కు కూడా కరెంటు ఉండాలి. 2023 జులై వానలకు హన్మకొండలో నయీంనగర్ వైపు కాలనీలు మునిగాయి కదా, అప్పుడు మా యూపీఎస్ నడుస్తూనే ఉంది, బాక్స్ మీద లైట్లు వెలుగుతూనే ఉన్నాయి, ఫోన్‌లో మాత్రం డయల్ టోన్ లేదు. మమ్మల్ని ఆదుకున్నది వేరే కంపెనీ సిమ్ ఉన్న బటన్ల సెల్లే. అందుకే ఫైబర్ ఏ కంపెనీదైతే ఇంట్లో సెల్ సిమ్ ఇంకో కంపెనీది ఉండాలి. రెండూ ఒక్కరివే అయితే ఒకేసారి పోయే ప్రమాదం ఉంటుంది.

నంబర్ విషయం. ఉన్న కంపెనీలోనే రాగి నుంచి ఫైబర్‌కు మారితే పాత నంబరే ఉంచమని దరఖాస్తులో రాయించండి. నోటి మాట మీద వదలొద్దు. ఫైబర్ మీద ఆ నంబర్ మోగేదాకా పాత కనెక్షన్ సరెండర్ చెయ్యొద్దు. కంపెనీ మారితే మాత్రం నంబర్ రాదు. కంపెనీ మారినా నంబర్ ఉంచుకునే సౌకర్యం సెల్ నంబర్లకు 2011 నుంచి ఉంది, ల్యాండ్‌లైన్లకు లేదు. మా మొదటి కంపెనీలో ఫాల్ట్ చెబితే వచ్చే దిక్కు లేదు, డాకెట్ నంబర్ అని కంప్లయింట్‌కు ఒక నంబర్ ఇచ్చేవారు, ఎవరూ రాకుండానే "మీ కంప్లయింట్ పరిష్కరించాం" అని మెసేజ్ వచ్చేది. మండిపోయి, నంబర్ పోతుందని తెలిసే మారాం. అత్తమ్మ తన పాత నోట్‌బుక్ ముందు పెట్టుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేసి కొత్త నంబర్ రాయించింది. కొందరిళ్లలో ఎత్తింది కొడుకులు, కోడళ్లు. ఆ రోజుల్లో ఆమె మొహం చూడలేకపోయాను. అందుకే చెబుతున్నా, నంబర్ దక్కే దారి ఉంటే వదులుకోకండి.

ఫోన్ సెట్ పాతదే వాడుకోవచ్చు. బాక్స్ వెనక ఫోన్ బొమ్మ ఉన్న రంధ్రంలో పాత వైరు గుచ్చితే చాలు. సెట్ కిందో పక్కనో టోన్, పల్స్ అని చిన్న స్విచ్ ఉంటుంది, అది టోన్ మీద ఉండాలి. వేలు పెట్టి తిప్పే పాత డయల్ ఫోన్లయితే చాలా బాక్సుల్లో మోగుతాయి గానీ నంబర్ పోదు. మీ బాపుకు చెవుడు అంటున్నారు కాబట్టి రిసీవర్‌లో సౌండ్ పెంచుకునే మీట, పెద్ద అంకెలు ఉన్న సెట్ కొనండి. సెల్‌కు చేసేటప్పుడు ముందు సున్నా కొట్టాలని కూడా కాగితం మీద పెద్దగా రాసి అంటించండి, 2021 జనవరి 15 నుంచి ఆ రూల్. 108కి, 112కి సున్నా అక్కర్లేదు.

చివరగా, ఫోన్ కన్నా ఎక్కువ భయపెట్టే సంగతి. ల్యాండ్‌లైన్‌కు మోసగాళ్లు కూడా చేస్తారు. "ట్రాయ్ నుంచి మాట్లాడుతున్నాం, రెండు గంటల్లో మీ ఫోన్ కట్ అవుతుంది, తొమ్మిది నొక్కండి" అని మా ఇంటికీ వచ్చింది. ట్రాయ్ అంటే ఫోన్ కంపెనీల మీద ఉండే ప్రభుత్వ నియంత్రణ సంస్థ, అది ఎవరికీ అట్లా ఫోన్ చెయ్యదు. పోలీసులమని చెప్పి ఫోన్‌లోనే "డిజిటల్ అరెస్ట్" చేశామని బెదిరించేవాళ్లూ ఉన్నారు, అలాంటిది మన చట్టంలోనే లేదు. ఎవరేమన్నా పెట్టేసి మీకు చెయ్యమని బాపుకు, అమ్మకు ఇద్దరికీ గట్టిగా చెప్పండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెయ్యాలి. మా ఇంట్లో ఆ నంబర్ ఫోన్ పక్కన గోడకే ఉంది.

పోల్_ఎక్కేటోడు:

నేను హన్మకొండలో ఫైబర్ పనే చేస్తా. టీచరమ్మ చెప్పింది కరెక్ట్. నావి రెండు ముక్కలు. బిగించిన రోజు మా దగ్గర తీగలో వెలుతురు ఎంత వస్తుందో చూసే పవర్ మీటర్ ఉంటది, "పవర్ ఎంత వచ్చింది" అని అడిగి రాసి పెట్టుకోండి. మైనస్ 20 చుట్టుపక్కల ఉంటే మంచి లైన్. మైనస్ 27 దాటి మైనస్ 28, 29 అట్ల వస్తే వెలుతురు తక్కువున్నట్టు, ఇయ్యాల నడిచినా రేపు సతాయిస్తది. అప్పుడే జాయింట్ మళ్లీ కొట్టమని పట్టుబట్టాలె.

మన దగ్గర తెగేది ఎక్కువ కోతులతోనే. వడ్డేపల్లి వైపు మీకు చెప్పాల్నా? స్తంభం నుంచి ఇంటి దాకా తీగ వదులుగా వేలాడితే ఊగుతయి, కొరుకుతయి. గట్టిగా లాగి కట్టించుకోండి, గోడ మీద పైపులో నుంచి తెప్పించండి. ఇంట్లో మూల తిరిగే కాడ వైర్‌ను మడత పెట్టి మేకు కొడతరు కొందరు. గాజు అది, గుండ్రంగా తిప్పాలె గానీ మడవద్దు. బాక్స్ మీద ఎల్‌ఓఎస్ అని ఎర్ర లైటు కొట్టుకుంటే వెలుతురు రాట్లేదని అర్థం, మీరు ఎన్నిసార్లు ఆఫ్ చేసి ఆన్ చేసినా లాభం లేదు, ఆ మాటే చెప్పి కంప్లయింట్ ఇయ్యండి. ఎర్ర లైటు లేకుండా ఫోన్ ఒక్కటే పని చెయ్యకపోతే తీగ బాగానే ఉన్నట్టు, ఒకసారి ఆఫ్ చేసి చూసి, అయినా రాకపోతే ఫోన్ సెట్టింగ్ ఆఫీసోళ్లు చూడాలె. ఇది ముందే చెబితే మాకు ఒక ట్రిప్ మిగులుతది, మీకు ఒక రోజు మిగులుతది. తెగిన పోగు కొసను కండ్ల దగ్గర పెట్టుకుని చూడొద్దు, ఆ వెలుతురు కనపడదు గానీ కండ్లకు మంచిది కాదు.

వడ్డేపల్లి_వాసి:

అందరికీ చాలా థ్యాంక్స్. మేడమ్, మీ అత్తమ్మగారి నోట్‌బుక్ సంగతి చదివాక నంబర్ విషయంలో గట్టిగా నిర్ణయించుకున్నా, అదే కంపెనీలో ఉంటాం. ఇంకో చిన్న డౌట్. మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. అది ఉండగా ఈ చిన్న యూపీఎస్ మళ్లీ కావాలా? బాపుకు కార్డ్‌లెస్ కొంటే మంచిదా?

కాజీపేట_లెక్కల_టీచర్:

ఇన్వర్టర్ ఉంటే ముందు దానితోనే చూడండి. దాని మీద యూపీఎస్ మోడ్ అని స్విచ్ ఉంటే అందులో పెట్టండి. మామూలు మోడ్‌లో కరెంటు మారే ఆ రెప్పపాటులోనే బాక్స్ ఆరిపోయి మళ్లీ మొదటి నుంచి లేస్తుంది. ఫోన్ తిరిగి రావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, మాట్లాడుతున్న కాల్ పోతుంది. స్విచ్ మార్చినా బాక్స్ ఆరిపోతుంటే అప్పుడు చిన్న యూపీఎస్ తీసుకోండి. బాక్స్ పెట్టే ప్లగ్ ఇన్వర్టర్ లైన్‌లో ఉందో లేదో కూడా చూడండి, హాల్లో టీవీ ప్లగ్‌కు చాలా ఇళ్లలో ఆ లైన్ ఇవ్వరు.

కార్డ్‌లెస్ వద్దు. దాని కింది స్టాండ్‌కు కూడా కరెంటు కావాలి, హ్యాండ్‌సెట్ మళ్లీ చార్జింగ్ పెట్టాలి, మీరు తప్పించుకోవాలనుకున్నదే తిరిగొస్తుంది. పైగా 2.4 గిగాహెర్ట్జ్ రకమైతే వైఫై బాక్స్ పక్కన పెడితే గరగరలాడుతుంది. తీగ ఉన్న మామూలు సెట్టే కొనండి. బాపు కూర్చునే కుర్చీ దాకా వైరు పొడుగ్గా వేయించండి, కాళ్లకు అడ్డం పడకుండా గోడ వెంట. బిగించిన రోజు మీరు పుణె నుంచి చేసి, మెయిన్ ఆఫ్ చేయించి, కాల్ నిలబడిందో లేదో ఆ లైన్‌మన్ ఉండగానే చూసుకోండి.